పడవలో శీతల పెట్టె మొరాయించినప్పుడు: మరమ్మతా, మార్పిడా?

సముద్రంలో పట్టిన చేప రేవుకు చేరేలోగా ఎంత చెడుతుందన్నది ప్రధానంగా రెండు అంశాలపై ఆధారపడి ఉంటుంది. మొదటిది గడచిన కాలం, రెండవది నిల్వ ఉష్ణోగ్రత. సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద చేప చెడే వేగాన్ని 1గా తీసుకుంటే, 5 డిగ్రీల వద్ద ఆ వేగం సుమారు 2.25, 10 డిగ్రీల వద్ద సుమారు 4 అవుతుందని మత్స్య సాంకేతిక శాస్త్రంలో వాడుకలో ఉన్న అంచనా సూత్రం తెలుపుతుంది. అంటే మంచులో 12 రోజులు నిలువ ఉండగల చేప 5 డిగ్రీల వద్ద 5 రోజులకు మించి నిలవదు. సూర, కానగంత వంటి జాతుల్లో చల్లదనం లోపిస్తే హిస్టమిన్ అనే విషపదార్థం కూడా ఏర్పడుతుంది. ఒకసారి ఏర్పడిన హిస్టమిన్ వండినా నశించదు. కాబట్టి పడవలోని శీతల పెట్టె బలహీనపడటం వేట ఫలితాన్ని, వినియోగదారుని ఆరోగ్యాన్ని నేరుగా దెబ్బతీసే విషయం.

ఆంధ్రప్రదేశ్ తీరంలోని మర పడవల్లో అధిక భాగం నేటికీ మంచుగడ్డలపైనే ఆధారపడుతున్నాయి. బ్యాటరీతో నడిచే 12 లేదా 24 వోల్టుల చిన్న కంప్రెసర్ శీతల పెట్టెలు ప్రపంచవ్యాప్తంగా దూర ప్రయాణపు పడవల్లో, విహార పడవల్లో ఆహార నిల్వ కోసం దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. ఈ కోవకు చెందిన కంప్రెసర్లే సౌర విద్యుత్తుతో పనిచేసే టీకా మందుల ఫ్రిజ్‌లలోనూ ఉంటాయి. అందువల్ల పడవలోని పెట్టెను పరీక్షించే పద్ధతి తెలిసిన విస్తరణ శాస్త్రవేత్తకు పశువైద్యశాలలోని టీకాల పెట్టె గురించి, రైతు పొలంలోని చిన్న శీతల గది గురించి సలహా చెప్పడం కూడా సులభమవుతుంది.

చల్లదనం తగ్గినప్పుడు సాధారణంగా వినిపించే మొదటి మాట "గ్యాసు అయిపోయింది", రెండవది "కంప్రెసర్ పోయింది". రెండూ సంభవమే. అయితే ఏ పరీక్షా లేకుండా ఈ నిర్ణయానికి రావడం వలన యజమాని కొత్త యంత్రం కొని, పాత లోపాన్ని అలాగే ఉంచుకొనే ప్రమాదం ఉంది. యంత్రాన్ని మార్చే ముందు పెట్టెలోకి ఎంత వేడి చొరబడుతున్నదో కొలవాలన్నదే ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధాన సూత్రం. ఆ కొలతకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మంచు, త్రాసు, గడియారం, ఉష్ణమాపకం చాలు.

యంత్రం పనితీరు

శీతల యంత్రం చల్లదనాన్ని తయారు చేయదు. పెట్టెలోని వేడిని తోడి వెలుపల పారబోస్తుంది. లోపలి శీతల ఫలకలో తక్కువ పీడనం వద్ద ద్రవం ఆవిరిగా మారుతూ వేడిని గ్రహిస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అధిక పీడనానికి నొక్కుతుంది. కండెన్సర్‌లో ఆ ఆవిరి తన వేడిని గాలికో నీటికో వదిలి తిరిగి ద్రవమవుతుంది. ఆ ద్రవం కేశనాళిక అనే సన్నని గొట్టం గుండా పీడనం కోల్పోయి మళ్ళీ ఫలకను చేరుతుంది. ఈ వలయం పూర్తిగా మూసి ఉంటుంది. ఇంజనులో డీజిలు ఖర్చయినట్లు ఇందులో గ్యాసు ఖర్చు కాదు. గ్యాసు తగ్గితే ఎక్కడో చిల్లు ఉన్నదని అర్థం.

ఈ చక్రం సక్రమంగా సాగడానికి నాలుగు అంశాలు అనుకూలించాలి. పెట్టె గోడలు వేడిని అడ్డుకోవాలి, కంప్రెసర్‌కు తగిన వోల్టేజి అందాలి, కండెన్సర్ నుండి వేడి వెలుపలికి పోవాలి, గ్యాసు వలయం లోపరహితంగా ఉండాలి. పరీక్ష కూడా ఈ వరుసలోనే జరగడం మంచిది. మొదటి మూడింటిని వలయాన్ని విప్పకుండానే పరీక్షించవచ్చు. నాల్గవదానికి మాత్రమే శిక్షణ పొందిన సాంకేతిక నిపుణుడు కావాలి.

మొదటి పరీక్ష: పెట్టె గోడలు

లోపలి కొలతలు 50 × 50 × 40 సెంటీమీటర్లు గల 100 లీటర్ల పెట్టెను ఉదాహరణగా తీసుకొందాం. దాని గోడల్లో 50 మిల్లీమీటర్ల మందం గల పాలీయురిథేన్ నురుగు, అనగా వాడుకలో 'పఫ్', ఉన్నదనుకొందాం. గోడ మందం మధ్యలో లెక్కించిన వైశాల్యం సుమారు 1.6 చదరపు మీటర్లు. పొడి పఫ్ ఉష్ణవాహకతను మీటరుకు, డిగ్రీకి 0.025 వాట్లుగా, వెలుపలి ఉష్ణోగ్రతను 35 డిగ్రీలుగా, లోపలి ఉష్ణోగ్రతను 4 డిగ్రీలుగా తీసుకొంటే, గోడల గుండా చొరబడే వేడి సుమారు 25 వాట్లు. రోజుకు 600 వాట్‌గంటలు. ఒక వాట్‌గంట విద్యుత్తుతో యంత్రం 1.25 వాట్‌గంటల వేడిని తోడుతుందనుకొంటే రోజుకు 480 వాట్‌గంటలు, అంటే 12 వోల్టుల బ్యాటరీ నుండి 40 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. మూత తెరవడం, కొత్త సరుకు పెట్టడం వలన కలిగే భారం దీనికి అదనం.

పఫ్‌లోకి నీరు చేరితే ఈ లెక్క తారుమారవుతుంది. నీటి ఉష్ణవాహకత సుమారు 0.6, పొడి పఫ్ కంటే ఇది ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. పెట్టె లోపలి పూతలో పగులు ఏర్పడినా, నీరు పోయే గొట్టం చుట్టూ సీలు ఊడినా, వెలుపలి గాలిలోని తేమ గోడలోకి పాకి చల్లని వైపున నీరుగా మారినా నురుగు క్రమంగా తడుస్తుంది. వాహకత రెట్టింపైతే వేడి భారం 50 వాట్లకు, బ్యాటరీ ఖర్చు రోజుకు 80 ఆంపియర్-గంటలకు చేరుతుంది. లెడ్-ఆసిడ్ బ్యాటరీ దీర్ఘకాలం మన్నాలంటే దాని సామర్థ్యంలో సగానికి మించి వాడరాదన్నది సాధారణ నియమం. ఆ లెక్కన 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో వాడుకోదగినది 50 మాత్రమే. నిన్నటి వరకు సరిపోయిన బ్యాటరీ నేడు తెల్లవారకముందే చేతులెత్తేయడానికి ఇది చాలు.

యంత్రం నిమిత్తం లేకుండా పెట్టెను పరీక్షించే మార్గం మంచు తూకం. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక కిలో మంచు సరిగ్గా 24 గంటల్లో కరిగితే, ఆ వేడి సగటున 3.9 వాట్ల చొప్పున లోపలికి వచ్చినట్లు. పరీక్ష క్రమం ఇలా ఉంటుంది:

1. యంత్రాన్ని ఆపి, ఫలకపై పేరుకొన్న మంచును కరిగించి తుడవాలి. పెట్టెను మంచుతో నింపి, గోడలు చల్లబడేందుకు ఒక రాత్రి మూసి ఉంచాలి.
2. మరునాడు కరిగిన నీటిని పూర్తిగా తీసివేసి, నీరు పోయే దారిని మూసి, మిగిలిన మంచు తగినంత ఉన్నదో లేదో చూసి సమయం నమోదు చేయాలి.
3. 24 గంటలపాటు మూత తెరవరాదు. వెలుపలి ఉష్ణోగ్రతను కనీసం నాలుగు సార్లు నమోదు చేయాలి.
4. కరిగిన నీటిని తూచి, ఆ కిలోల సంఖ్యను 3.9తో హెచ్చవేస్తే వేడి భారం వాట్లలో వస్తుంది.

పైన చెప్పిన పెట్టె పొడిగా ఉంటే సుమారు 6.5 కిలోల నీరు రావాలి. 13 కిలోలు వస్తే భారం రెట్టింపైనదని అర్థం. పరీక్ష రోజున వెలుపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు భిన్నంగా ఉంటే ఆ మేరకు లెక్కను సవరించుకోవాలి. మూత అంచునున్న రబ్బరు పట్టీ సరిగా అతుకుతున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక కాగితపు ముక్కను మధ్యలో ఉంచి మూత వేసి లాగి చూడవచ్చు. కాగితం తేలికగా జారి వస్తే ఆ చోట గాలి కూడా జారుతున్నట్లే. గోడల తడి వలన కలిగే లోపానికీ, రబ్బరు పట్టీ లోపానికీ ఖర్చులో ఎంతో తేడా ఉన్నందున, రబ్బరు పట్టీని ముందుగా సరిచేసి మంచు తూకాన్ని మరొకసారి జరపడం ఉత్తమం.

రెండవ పరీక్ష: విద్యుత్తు

చిన్న డీసీ కంప్రెసర్లలో మోటారును ఒక ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె నడుపుతుంది. బ్యాటరీని కాపాడటానికి, వోల్టేజి ఒక హద్దుకు దిగగానే అది కంప్రెసర్‌ను ఆపివేస్తుంది. విరివిగా వాడుకలో ఉన్న బీడీ-35, బీడీ-50 తరగతి కంప్రెసర్లలో 12 వోల్టుల అమరికకు సాధారణ హద్దు 10.4 వోల్టులు, తిరిగి 11.7 వోల్టులకు చేరితేగాని అది మొదలు కాదు. ఈ వోల్టేజిని నియంత్రణ పెట్టె తన వద్దనే కొలుచుకొంటుంది. బ్యాటరీ వద్ద 12.2 వోల్టులు కనిపించినా, సన్నని తీగలోను, తుప్పు పట్టిన కలయికల్లోను కొంత పోతే కంప్రెసర్‌కు చేరేది తక్కువే.

బ్యాటరీ నుండి 5 మీటర్ల దూరంలో ఉన్న కంప్రెసర్‌కు పోను రాను 10 మీటర్ల రాగి తీగ పడుతుంది. తీగ అడ్డుకోత 1.5 చదరపు మిల్లీమీటర్లు, కరెంటు 6 ఆంపియర్లు అయితే తీగలోనే 0.7 వోల్టు పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే ఈ నష్టం 0.18 వోల్టుకు తగ్గుతుంది. ఉప్పుగాలికి పచ్చబారిన ఒక్క ఫ్యూజు పట్టుక ఇంతకు మించిన నష్టం కలిగించగలదు. కాబట్టి వోల్టేజిని కంప్రెసర్ నడుస్తుండగా, నియంత్రణ పెట్టె కొనల వద్దనే కొలవాలి. నడవని స్థితిలో తీసిన కొలత మోసగిస్తుంది. కరెంటు ప్రవహించనప్పుడు చెడిపోయిన కలయికలో కూడా వోల్టేజి నష్టం కనబడదు.

ఈ నియంత్రణ పెట్టెకు ఎర్రదీపం అమర్చి ఉంటే అది లోపాన్ని తానే తెలుపుతుంది. ఒకసారి మెరిస్తే వోల్టేజి తక్కువ. రెండు సార్లు ఫ్యాను అధిక కరెంటు లాగుతోంది. మూడు సార్లు మోటారు మొదలు కావడం లేదు. నాలుగు సార్లు మోటారు కనీస వేగాన్ని నిలుపుకోలేకపోతోంది. అయిదు సార్లు నియంత్రణ పెట్టె వేడెక్కింది. యంత్రం అసలు కదలనప్పుడు చిన్న, లావైన తీగలతో, తగిన ఫ్యూజు ఉంచి, కంప్రెసర్‌ను మంచి బ్యాటరీకి నేరుగా కలిపి చూడాలి. అలా నడిస్తే లోపం పడవ తీగల్లో ఉన్నట్లు తేలుతుంది. నడవకపోతే నియంత్రణ పెట్టెకు వచ్చే థర్మోస్టాట్ తీగలు రెండింటినీ తాత్కాలికంగా కలిపి చూడాలి. అప్పుడు నడిస్తే లోపం థర్మోస్టాట్‌లో ఉన్నది. అప్పటికీ నడవకపోతే అనుమానం నియంత్రణ పెట్టె మీదికీ, కంప్రెసర్ మీదికీ మళ్లుతుంది.

మూడవ పరీక్ష: వేడి వెలుపలికి పోయే దారి

తోడిన వేడినంతటినీ, దానికి తోడు విద్యుత్తు వలన పుట్టిన వేడిని కూడా కండెన్సర్ వదిలించుకోవాలి. స్థలాభావం వలన కంప్రెసర్‌ను ఇంజను గదిలోనో, మూసిన అరలోనో అమర్చడం పరిపాటి. అరలో గాలి 45 డిగ్రీలకు చేరితే కండెన్సర్ అంతకంటె ఇంకా వేడిగా ఉండాలి. ఆ మేరకు పీడనం పెరిగి, కంప్రెసర్ ఎక్కువ విద్యుత్తు తీసుకొని తక్కువ వేడిని తోడుతుంది. అర తలుపు తీసి ఉంచి, చిన్న ఫ్యానుతో వెలుపలి గాలిని కండెన్సర్‌పైకి మళ్లించి ఒక పూట గమనిస్తే లోపం ఇక్కడ ఉన్నదో లేదో తేలిపోతుంది. కండెన్సర్ రెక్కల్లో దుమ్ము, ఉప్పు, నూలుపోగులు పేరుకొని ఉంటే మెత్తని కుంచెతో శుభ్రపరచాలి. చల్లని గాలి లోపలికి వచ్చే దారి క్రిందను, వేడిగాలి పోయే దారి పైనను, రెండూ వేరువేరుగా ఉండాలి.

నీటితో చల్లబరచే అమరికల్లో పడవ అడుగున నీటిలో మునిగి ఉండే భాగానికి గుల్లలు, నాచు పట్టడం సాధారణ లోపం. పడవను ఒడ్డుకు చేర్చినప్పుడు దానిని గీకి శుభ్రపరచాలి. ఆ భాగం నీటి వెలుపల ఉండగా యంత్రాన్ని నడపరాదు.

నాల్గవ పరీక్ష: గ్యాసు వలయం

మొదటి మూడు పరీక్షల్లోను దోషం కనబడనప్పుడే దృష్టి గ్యాసు వలయంపైకి మళ్లాలి. ఇక్కడ కూడా మీటర్లు తగిలించక ముందే కంటికి కనిపించే గుర్తులు అనేకం ఉన్నాయి.

ఫలకపై మంచు సమంగా పేరుకొంటే గ్యాసు సరిపడా ఉన్నది. గ్యాసు ప్రవేశించే చోట మాత్రమే మంచు కట్టి, మిగతా ఫలక తడిగానో పొడిగానో ఉంటే గ్యాసు తగ్గి ఉండవచ్చు, లేదా కేశనాళికలో పాక్షికంగా అడ్డు ఉండవచ్చు. పెట్టె వెలుపల కంప్రెసర్‌కు తిరిగివచ్చే గొట్టంపై కూడా మంచు కడితే గ్యాసు ఎక్కువైనదని అనుమానించాలి. చల్లబడుతూ ఉన్నట్లుండి ఆగి, కొన్ని గంటలు ఆపి ఉంచితే మళ్లీ చల్లబడితే వలయంలో తేమ చేరి కేశనాళిక కొనవద్ద గడ్డకట్టుతున్నదని భావించవచ్చు. గొట్టాల కలయికల వద్ద జిడ్డు కనిపిస్తే అక్కడ గ్యాసుతో పాటు నూనె కూడా కారుతున్నది. సబ్బు నురుగు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడవచ్చు.

అల్యూమినియం ఫలకకు చిల్లు పడటానికి రెండు కారణాలు ప్రసిద్ధం. పేరుకొన్న మంచును కత్తితోనో స్క్రూడ్రైవరుతోనో గీకడం ఒకటి. రాగి గొట్టం, అల్యూమినియం కలిసే చోట ఉప్పునీరు చేరి లోహం క్షయించడం మరొకటి. ఈ స్థితిలో మార్చవలసినది ఫలకను మాత్రమే, కంప్రెసర్‌ను కాదు.

చిల్లు పూడ్చకుండా గ్యాసు నింపడం తాత్కాలిక ఉపశమనం మాత్రమే. ఈ యంత్రాల్లో గ్యాసు పరిమాణం చాలా స్వల్పం. మీటరు గొట్టాలను తగిలించి తీసిన ప్రతిసారీ పోయే కొద్దిపాటి గ్యాసు కూడా లెక్కలోకి వస్తుంది. సక్రమమైన మరమ్మతులో చిల్లు పూడ్చడం, తేమను పీల్చే డ్రయర్‌ను మార్చడం, వాక్యూమ్ పంపుతో వలయాన్ని పూర్తిగా ఖాళీ చేయడం, తయారీదారు ఫలకంపై సూచించిన గ్రాముల గ్యాసును త్రాసుతో తూచి నింపడం అనే నాలుగు మెట్లూ ఉండాలి. వీటిలో ఏది లోపించినా కొద్ది నెలల్లో అదే ఫిర్యాదు తిరిగి వస్తుంది.

నిర్ణయం తీసుకొనే విధానం

పై నాలుగు పరీక్షల ఫలితాలు చేతిలో ఉంటే మరమ్మతా, మార్పిడా అన్న ప్రశ్న చాలావరకు తనంతట తానే తేలిపోతుంది.

మంచు తూకంలో భారం రెట్టింపుగా తేలితే, యంత్రం ఏ స్థితిలో ఉన్నా ముందుగా పెట్టెనే సరిచేయాలి. గంటకు 60 వాట్‌గంటల వేడిని తోడగల యంత్రం 25 వాట్ల భారానికి రోజులో సుమారు 42 శాతం కాలం నడుస్తుంది. భారం 50 వాట్లయితే 83 శాతం కాలం నడవాలి. ఇక కొత్త సరుకును చల్లబరచే శక్తి దాదాపు మిగలదు. ఈ స్థితిలో యజమానికి యంత్రం 'ఆగకుండా తిరుగుతూ చల్లబరచడం లేదు' అని తోచడం సహజం. పెట్టెను మార్చకుండా కొత్త యంత్రం పెడితే అదీ అలాగే తిరుగుతుంది.

పెట్టెను సరిచేయడంలో ఒక చిక్కు ఉంది. లోపలి వైపున మరో 50 మిల్లీమీటర్ల పఫ్ పెడితే పై ఉదాహరణలోని 100 లీటర్ల పెట్టె 40 × 40 × 30 సెంటీమీటర్లకు, అంటే 48 లీటర్లకు కుంచించుకుపోతుంది. వెలుపలి వైపున స్థలం ఉంటే అక్కడే పెంచడం మేలు. మొత్తం 100 మిల్లీమీటర్ల పొడి పఫ్‌తో భారం సుమారు 15 వాట్లకు, బ్యాటరీ ఖర్చు రోజుకు 24 ఆంపియర్-గంటలకు తగ్గుతుంది. తడిసిన పఫ్‌పై కొత్త పొరను కప్పడం వలన తడి లోపలే చిక్కుబడుతుంది. దానిని తీసివేయడం తప్పదు.

విద్యుత్తు, గాలి ప్రసారం, థర్మోస్టాట్, ఫ్యాను లోపాలను మరమ్మతు చేయడమే సరైనది. నియంత్రణ పెట్టె చెడినప్పుడు కంప్రెసర్ మూడు కొనల మధ్య నిరోధాలు సమానంగా ఉండి, వాటిలో ఏదీ లోహపు ఒంటికి తగలకుండా ఉంటే నియంత్రణ పెట్టెను మాత్రమే మార్చవచ్చు. అది కంప్రెసర్ నుండి విడిగా ఊడివస్తుంది. గ్యాసు వలయాన్ని తాకనవసరం లేదు.

కంప్రెసర్ లోపలే చెడినప్పుడు గ్యాసు రకాన్ని బట్టి నిర్ణయించాలి. పాత యంత్రాల్లోని ఆర్-12 ఓజోను పొరను హరించే రసాయనం. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాని ఉత్పత్తి నిలిచిపోయింది. అందులోని ఖనిజ నూనె ఆర్-134ఏతో కలవదు. కాబట్టి గ్యాసు మార్చాలంటే నూనె, డ్రయర్ కూడా మార్చవలసి వస్తుంది. అంత చిన్న యంత్రానికి ఆ శ్రమ గిట్టుబాటు కాదు. ఆర్-12 యంత్రాన్ని పూర్తిగా మార్చడమే వివేకం. ఆర్-134ఏ యంత్రాలకు గ్యాసు నేడు లభ్యమే అయినా, దాని భూతాపన సామర్థ్యం బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,430 రెట్లు. 2016 నాటి కిగాలి సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. ఈ కోవకు చెందిన గ్యాసుల వాడకాన్ని మన దేశం 2032 నుండి దశలవారీగా తగ్గించవలసి ఉంది. కొత్తగా కొనేవారు ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకోవాలి.

కొత్త ఫ్రిజ్‌లలో విరివిగా వస్తున్న ఆర్-600ఏ, అనగా ఐసోబ్యూటేన్, భూతాపనం రీత్యా ఎంతో మేలైనది. కాని మండే స్వభావం గలది. గాలికి సుమారు రెట్టింపు బరువున్న ఈ వాయువు కారితే పడవ అడుగు భాగంలో పేరుకొంటుంది. దానికోసం రూపొందించిన యంత్రంలో, తయారీదారు నిర్దేశించిన స్వల్ప పరిమాణంలో వాడితే ముప్పు పరిమితం. కాని ఆర్-134ఏ కోసం తయారైన యంత్రంలో చవకగా దొరుకుతున్నదని వంటగ్యాసు తరహా వాయువును నింపడం ఎంతమాత్రం తగదు. పడవకు తలుపులు తీసి బయటికి పరుగెత్తే వీలు ఉండదన్న సంగతి మరువరాదు.

ఇంటి ఫ్రిజ్‌ను ఇన్వర్టరుతో నడపడం మరొక ప్రత్యామ్నాయం. ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. అయితే ఖాళీగా ఉన్నప్పుడు కూడా 10 వాట్లు తీసుకొనే ఇన్వర్టరు రోజుకు 240 వాట్‌గంటలు మింగుతుంది. పైన లెక్కించిన పెట్టె మొత్తం ఖర్చులో ఇది సగం. ముందు తలుపు గల ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ బరువైన చల్లగాలి క్రిందికి జారిపోతుంది. ఉప్పుగాలికి దాని ఇనుప రేకు త్వరగా తుప్పు పడుతుంది. రేవులో విద్యుత్తు అందుబాటులో ఉండి, స్వల్ప ప్రయాణాలు చేసే పడవలకు మాత్రమే ఇది తగినది.

మంచు హోల్డుకూ ఇదే సూత్రం

యంత్రం లేని మర పడవకు కూడా ఈ విశ్లేషణ వర్తిస్తుంది. 40 చదరపు మీటర్ల గోడ వైశాల్యం, 100 మిల్లీమీటర్ల పొడి పఫ్ గల చేపల హోల్డులో లోపలికీ వెలుపలికీ 28 డిగ్రీల తేడా ఉంటే చొరబడే వేడి 280 వాట్లు. దానికి రోజుకు సుమారు 72 కిలోల మంచు కరుగుతుంది. 12 రోజుల వేటకు సుమారు 870 కిలోలు. పఫ్ తడిసి వాహకత రెట్టింపైతే మరో 870 కిలోల మంచు గోడలకే అర్పణమవుతుంది. అంతమేరకు చేపకు దక్కవలసిన మంచు తగ్గుతుంది, లేదా అంత బరువును అదనంగా మోసేందుకు డీజిలు ఖర్చవుతుంది.

దీనితో పోల్చితే చేపను చల్లబరచడానికి కావలసిన మంచు లెక్క సులభం. 30 డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో చేపను సున్నాకు తేవడానికి సుమారు 110 కిలోజౌళ్లు తీయాలి. అందుకు మూడో వంతు కిలో మంచు చాలు. అయినా ఉష్ణప్రాంతాల్లో చేపకు సమాన బరువు మంచు వాడవలెనని సిఫారసు చేయడానికి కారణం, మిగిలిన మంచు గోడల గుండా వచ్చే వేడితో రోజుల తరబడి పోరాడవలసి రావడమే. గోడలు బాగున్న హోల్డు ఉన్న యజమానికి, చెడిన యంత్రాన్ని మార్చడం కంటే మంచుకు మరలడమే లాభసాటి కావచ్చు. తడిసిన గోడలున్న యజమానికి మంచూ యంత్రమూ రెండూ నష్టమే.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలవుతుంది. మర పడవలు రేవులో నిలిచే ఈ కాలం పరీక్షలకూ మరమ్మతులకూ అనువైనది. ఎండ తీవ్రంగా ఉండే రోజులు కావడం వలన పెట్టె, హోల్డు గోడల బలహీనత కూడా స్పష్టంగా బయటపడుతుంది. తీర జిల్లాల్లోని కృషి విజ్ఞాన కేంద్రాలు, మత్స్యశాఖ సిబ్బంది నిషేధకాలపు మొదటి వారంలోనే మంచు తూకం ప్రదర్శనలు నిర్వహిస్తే, తడిసిన పఫ్‌ను తీసి, గోడలను ఎండబెట్టి, తిరిగి కప్పడానికి యజమానికి తగినంత వ్యవధి లభిస్తుంది. కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. చేపల నిల్వకు సంబంధించిన సందేహాలకు దాని సలహాను కోరవచ్చు.

ప్రతి పడవకు ఒక చిన్న నమోదు పుస్తకాన్ని పెట్టించడం మేలు. అందులో మంచు తూకం ఫలితం, వెలుపలి ఉష్ణోగ్రత, యంత్రం నడుస్తున్నప్పటి వోల్టేజి, రోజులో యంత్రం నడిచిన గంటలు, పెట్టెలో ఉష్ణోగ్రత అనే అయిదు అంశాలు చాలు. యంత్రం బాగున్న రోజుల్లో తీసిన కొలతలు లేకపోతే, చెడిన రోజున తీసిన కొలతలను దేనితోనూ పోల్చలేము. విద్యార్థులు ఇదే నమూనాను టీకాల పెట్టెలకు, కూరగాయల శీతల గదులకు వర్తింపజేసి అధ్యయనం చేయవచ్చు.

యజమానికి సలహా ఇచ్చే వారు గుర్తుంచుకోవలసిన క్రమం ఇది: ముందు పెట్టె, తరువాత తీగలు, ఆపైన గాలి, చివరగా గ్యాసు. ఈ క్రమంలో పోతే అవసరమైన చోట మార్పిడికి వెనుకాడనక్కరలేదు. అవసరం లేని చోట అప్పు చేసి కొత్త యంత్రం కొనే దుస్థితి మత్స్యకారునికి తప్పుతుంది.